శకుని పిలుపు, ఋతుపర్ణుడి పాఠం

2020 సెప్టెంబరు తర్వాత పావగడ పొలిమేరల్లో ఒక వింత పరిస్థితి నడిచింది. పావగడలో నిలబడి ఫోన్‌లో రమ్మీ యాప్ తెరిస్తే డబ్బు బల్లలు తెరుచుకునేవి. అదే ఫోన్ జేబులో వేసుకుని సరిహద్దు దాటి మడకశిర వైపు వెళ్తే తెరుచుకునేవి కావు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నెలలోనే ఆర్డినెన్సు తెచ్చింది. తెలంగాణ ఆ పని 2017లోనే చేసింది. కర్ణాటక 2021 అక్టోబరులో చట్టం చేస్తే, 2022 ఫిబ్రవరి 14న హైకోర్టు అందులోని నిషేధాన్ని కొట్టేసింది. పావగడ తుమకూరు జిల్లాలో ఉన్నా చాలా వైపుల దానికి ఆనుకుని ఉన్నది ఆంధ్ర నేలే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. అక్కను పావగడలో, చెల్లెలిని మడకశిరలో ఇచ్చిన ఇళ్లు ఈ సీమలో కొల్లలు. పెద్దల్లుడి ఇంట్లో చెల్లిన ఆట చిన్నల్లుడి ఇంట్లో నేరమైంది.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెం ఉన్న ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. పెద్ద కంపెనీలు రోజుల వ్యవధిలోనే డబ్బు బల్లలు ఎత్తేశాయి. ఈ-స్పోర్ట్స్, పందెం లేని సరదా ఆటలు మిగిలాయి. చట్టం వరకు చిక్కు తీరినట్టే. ధర్మం వరకు తీరలేదు. ఇన్నేళ్లూ చట్టసభలు, కోర్టులు వాదించుకున్నది ఒకే ప్రశ్న మీద: ఇది నైపుణ్యమా, అదృష్టమా? దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి పక్కనే పడి ఉంది. ఆట తెలియని మనిషి మొదటిసారి వచ్చి కూర్చున్నప్పుడు, ఆట తెలిసినవాడు అతనికి ఏం బాకీ పడతాడు?

నైపుణ్యం వాదనకు పునాది మన తెలుగు నేల మీదే పడింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో జరిగిన పేకాట మీద పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ వ్యాజ్యాన్ని న్యాయవాదులు 1968 కేసుగా చెప్పుకుంటారు. రమ్మీలో పడిన ముక్కలను గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో లెక్క వేసుకోవాలి, కనుక అది ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటే అని కోర్టు తేల్చింది. అర్ధశతాబ్దం తర్వాత ఆన్‌లైన్ కంపెనీలు ఆ వాక్యాన్నే డాలుగా పట్టుకున్నాయి.

ఆ మాట నిజమే అనుకుందాం. నిజమైతే దాని వెనకే ఇంకో నిజం వస్తుంది. నైపుణ్యంతో ఆడే ఆటలో, నైపుణ్యం ఇంకా రానివాడు ఓడిపోవడం యాదృచ్ఛికం కాదు. మొదటి వారంలోనే అతన్ని డబ్బు బల్ల దగ్గర కూర్చోబెడితే ఎదుటివాడికి తెలిసినదానికీ ఇతనికి తెలియనిదానికీ మధ్య ఉన్న తేడా అంతా అతని జేబులోంచే పోతుంది. గెలిచింది ఎవరైనా ప్రతి ఆటలో కంపెనీ రుసుము కంపెనీకి ముట్టింది. అదృష్టపు ఆటలో కొత్తవాడికీ పాతవాడికీ పాచిక ఒకటే. నైపుణ్యపు ఆటలో ఒకటి కాదు. నైపుణ్యం అన్న వాదన ఆటకు చట్టంలో రక్షణ ఇచ్చింది కానీ, ఆ వాదన చేసినవారి మీద కొత్తవాడి బరువు మరింత పెట్టింది. ఆ బరువును ఎవరూ ఎత్తుకోలేదు.

మహాభారతం ఈ విషయాన్ని మొహమాటం లేకుండా చెప్పింది. సభాపర్వంలో శకుని దుర్యోధనుడికి ఇచ్చే సలహాలో కీలకం ధర్మరాజు బలహీనత గురించిన ఒక్క గమనిక: అతనికి జూదమంటే ఇష్టం, ఆడటం మాత్రం తెలియదు. పైగా పిలిస్తే కాదనలేడు. ఇష్టం ఉండి తెలివిడి లేని మనిషే కావాలి శకునికి. ఇష్టం లేనివాడు రాడు, తెలిసినవాడు ఓడడు. ఇవాళ కొత్త ఆటగాళ్ల కోసం వల వేసే వ్యాపారం దీనికంటే కొత్తగా కనిపెట్టిన సూత్రం ఏదీ లేదు.

ఆ కథలో జనం తక్కువగా తలుచుకునే ఘట్టం రెండో జూదం. ద్రౌపది పొందిన వరాలతో పాండవులు విడుదలై, పోయిందంతా తిరిగి దక్కించుకుని ఇంద్రప్రస్థం దారి పట్టారు. దారిలోనే ధృతరాష్ట్రుడి పిలుపు అందింది: మళ్లీ వచ్చి ఆడండి. ధర్మరాజు తిరిగి వచ్చాడు. మొదటి జూదంలో జరిగిందంతా చూసి, ఇంకా ఆ అవమానం ఆరకముందే వచ్చాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో పిలుపు ఫలితం. ఆటలోంచి బయటపడిన మనిషిని దారి మధ్యలో ఆపి వెనక్కి రప్పించే విద్య ఎంత పాతదో అనుద్యూతం అనే ఈ భాగం చదివితే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ పిలుపు ఫోన్ మోగించి వస్తుంది. మూడు రోజులు తెరవకపోతే నీకోసం కానుక ఎదురుచూస్తోందంటుంది. వరుసగా ఏడు రోజులు తెరిస్తే ఏడో రోజు పెద్ద పెట్టె ఇస్తానంటుంది. ఆ పెట్టెలో ఏముందో ముందు చెప్పదు, చెప్పకపోవడంలోనే దాని బలం ఉంది. 1957లో ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే శాస్త్రవేత్తలు బహుమతుల వేళాపాళల మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించారు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ దొరికే పావురం కంటే, ఎప్పుడు దొరుకుతుందో తెలియని పావురమే ఎక్కువ పట్టుగా, ఎక్కువసేపు నొక్కుతుందని ఆ ప్రయోగాల్లో తేలింది. ఆ సంగతి ఆటల కంపెనీలకు కంఠతా వచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితా 11వ కూర్పులో గేమింగ్ రుగ్మతను చేర్చింది. అది 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఇలాంటి బాధితుల కోసం 2014 నుంచే షట్ క్లినిక్ అనే ప్రత్యేక విభాగం పనిచేస్తోంది. పావగడ నుంచి ఉపాధి కోసం బస్సెక్కి వెళ్లే జనానికి ఆ నగరం దూరం కాదు.

ఇంత చెప్పాక ఆటనే తప్పుపట్టి ఊరుకోవడం తేలిక. మన శాస్త్రాలు ఆ తేలిక దారి పట్టలేదు. భగవద్గీత పదో అధ్యాయంలో కృష్ణుడు తన విభూతులను చెబుతూ, వంచించే వాటిలో జూదాన్ని నేనే అంటాడు. ధర్మరాజు సర్వస్వం పోగొట్టుకున్న పాచిక గురించి, ఆ నష్టం వల్లే వచ్చిన యుద్ధభూమిలో నిలబడి, ఆ ధర్మరాజు తమ్ముడితో అంటున్న మాట అది. జూదం మంచిదని అందులో అర్థం లేదు. మనిషిని అంత గట్టిగా లాగే శక్తి ఎక్కడ కనబడినా దాని మూలం ఒకటేనన్న గుర్తింపు ఉంది. బాదరాయణుడి బ్రహ్మసూత్రాలు సృష్టినే లీల అన్నాయి. ఏ లాభమూ అక్కరలేనివాడు చేసే పనికి ఆటకు మించిన పోలిక ఆ ఋషికి దొరకలేదు. ఆడాలన్న కోరిక అంత ఎత్తునుంచి దిగివచ్చిందని నమ్మే సంప్రదాయంలో, ఆ కోరికతో వచ్చిన కొత్తవాడిని ఎలా చూసుకోవాలన్నది చిన్న విషయం కాదు. గుడికి తొలిసారి వచ్చినవాడి పట్ల పూజారికి ఉండే బాధ్యత లాంటిది ఆట పెట్టినవాడికీ ఉంటుంది.

పావగడ అనగానే రెండు రాష్ట్రాల వారికీ గుర్తొచ్చేది శని మహాత్ముడి గుడి. శనివారాల్లో, అందులోనూ శ్రావణ శనివారాల్లో, సీమ జిల్లాల నుంచి బస్సుల్లో జనం వస్తారు. నువ్వుల నూనె దీపాలు వెలిగిస్తారు. ఏలినాటి శని పట్టినవాళ్లు, పట్టిందని భయపడేవాళ్లు, విడిచిపోయినందుకు మొక్కు తీర్చుకునేవాళ్లు. దక్షిణాది నమ్మకంలో శని పీడ పడినవారిలో అందరికంటే ప్రసిద్ధుడు నలుడు. కారైకాల్ దగ్గర తిరునళ్ళారులో అతను తీర్థస్నానం చేసి శని నుంచి బయటపడ్డాడని స్థలపురాణం. మహాభారతంలో మాత్రం నలుడిని పట్టింది కలి. శనిగా చెప్పుకున్నా కలిగా చెప్పుకున్నా అతను చేసిన పని ఒకటే: పాచికల ముందు కూర్చున్నాడు, లేవలేకపోయాడు. అతన్ని ఆ పీడ ఎలా విడిచిందన్న దగ్గర మాత్రం మహాభారతం చెప్పేది వేరు. ఈ చర్చకు కావలసిందంతా అక్కడే ఉంది.

తమ్ముడు పుష్కరుడు పిలిచాడు, నలుడు ఆడాడు. నెలల తరబడి ఆడాడు. పౌరులు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డా, దమయంతి బతిమాలినా వినబడలేదు. రాజ్యం పోయింది, అడవిలో భార్యను వదిలేశాడు, కర్కోటకుడి కాటుతో రూపం పోయి బాహుకుడనే పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరాడు. దమయంతి పంపిన స్వయంవరం కబురు విని ఋతుపర్ణుడు విదర్భకు బయలుదేరాడు, బాహుకుడు రథం తోలుతున్నాడు. దారిలో ఒక తాని చెట్టు కనబడింది. త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ చెట్టే. వెనకటి కాలంలో పాచికలుగా వాడినవి ఆ కాయలే. ఋగ్వేదం పదో మండలంలోని జూదరి సూక్తం బాధపడేది కూడా ఆ కాయల గురించే.

పరుగెత్తే రథంలోంచి ఒక్క చూపు చూసి, ఆ చెట్టు రెండు కొమ్మల్లో 2,095 కాయలున్నాయన్నాడు ఋతుపర్ణుడు. బాహుకుడు ఒప్పుకోలేదు. రథం ఆపాడు. ప్రభువు తొందరపడుతున్నా వినకుండా చెట్టు నరికి లెక్కపెట్టాడు. సరిగ్గా అన్నే ఉన్నాయి. అప్పుడు అడిగాడు, ఈ విద్య నాకు కావాలని. ఋతుపర్ణుడు అక్షహృదయం, అంటే పాచికల మర్మం, చెప్పాడు. బదులుగా బాహుకుడి దగ్గరున్న అశ్వహృదయం, అంటే గుర్రాల మర్మం, తనకు రావాలి. దాన్ని అప్పటికప్పుడు తీసుకోలేదు. నీ దగ్గరే నిక్షేపంగా ఉండనీ, తర్వాత తీసుకుంటానన్నాడు. ఆ విద్య లోపలికి వెళ్లగానే, కర్కోటక విషం కక్కుతూ కలి నలుడి ఒంట్లోంచి బయటికి వచ్చి ఆ తాని చెట్టులోనే దూరాడు.

కెనడా తత్వవేత్త ఇయాన్ హ్యాకింగ్ 1975లో సంభావ్యత చరిత్ర మీద రాసిన పుస్తకంలో ఈ ఘట్టాన్ని ప్రస్తావించాడు. కొన్నింటిని చూసి మొత్తాన్ని అంచనా కట్టే లెక్కకూ పాచికల ఆటకూ సంబంధం ఉందని అంత పాత కథలో ఉండటం అతన్ని ఆకర్షించింది. గణితం సంగతి అలా ఉంచి, కలి ఏ క్షణంలో వదిలిపోయాడో చూడండి. నలుడు ఇక ఆడనని ఒట్టు పెట్టుకున్నప్పుడు కాదు, ఉపవాసం ఉన్నప్పుడు కాదు. ఆట లోగుట్టు తెలిసినప్పుడు వదిలిపోయాడు. అర్థం కానిది పట్టుకుని ఉంటుంది, అర్థమైంది పట్టు సడలిస్తుందని వ్యాసుడు ఇక్కడ గట్టిగా నమ్మినట్టున్నాడు.

ఋతుపర్ణుడి పద్ధతిలో ఒక్కో మెట్టూ ఆలోచించదగ్గదే. శిష్యుడు అనుమానపడితే కోప్పడలేదు, లెక్కపెట్టుకోనిచ్చాడు. ఆలస్యమవుతున్నా ఆగాడు. తన విద్య ముందిచ్చి ఎదుటివాడి బాకీ తర్వాతకు వాయిదా వేశాడు. ఇవాళ ఆటల యాప్‌లు నడిచే తీరు ఇందుకు సరిగ్గా తిరగేసి ఉంటుంది: ఇచ్చేది లెక్కకు అందదు, తీసుకునేది ముందే మొదలవుతుంది. ఇంకో సంగతి. ఋతుపర్ణుడు తనకు తెలిసినదంతా ఇచ్చేశాడు. తన సారథి తనకంటే తక్కువ ఆటగాడిగా మిగిలిపోవాలన్న ఆశ ఆ రాజులో కనబడదు.

ఈ కథను అడవిలో ధర్మరాజుకు చెప్పినవాడు బృహదశ్వ మహర్షి. తెలుగులో నన్నయ చేతి మీదుగా వచ్చిన భాగం ఇది. కథ ముగించి ఊరుకోలేదాయన. మళ్లీ ఎవడైనా నేర్పరి జూదరి పిలుస్తాడేమోనన్న భయం నీలో ఉంది, ఆ భయం పోగొడతానని చెప్పి అక్షహృదయం ధర్మరాజుకు కూడా ఉపదేశించాడు. సర్వస్వం జూదంలో పోగొట్టుకున్న మనిషికి ఒక ఋషి జూదం నేర్పించాడు! దీన్ని నీతి కథలు చెప్పేవాళ్లు సాధారణంగా దాటేస్తారు. దాటేయకూడదు. ఓడిపోయినవాడిని బల్ల దగ్గర్నుంచి దూరంగా తోసేస్తే భయం లోపలే ఉంటుంది, ఆశ కూడా లోపలే ఉంటుంది. ఆ రెండూ ఉన్నంతకాలం పిలుపు పనిచేస్తుంది.

ఆన్‌లైన్ ప్రపంచంలో ఈ రెండు మార్గాలూ పక్కపక్కనే దొరుకుతాయి. పబ్‌జీ మొబైల్ లాంటి కాల్పుల ఆటల్లో కొత్తవాడి తొలి మ్యాచుల్లో ఎదుటివాళ్లలో చాలామంది మనుషులు కారు, బాట్లు. గురి సరిగా చూడవు, ఎదురుగా వచ్చి నిలబడతాయి. కుర్రవాడు గెలుస్తాడు, తనకు చేయి తిరిగిందనుకుంటాడు. తండ్రి కూడా చిన్న కొడుకుతో ఆడుతూ కావాలని ఓడిపోతాడు కదా అనవచ్చు. పోలిక కొంతవరకు సరైనదే. తండ్రి ఓడిపోయేది కొడుకు ఎదిగి తనను నిజంగా ఓడించే రోజు కోసం. ఆట పేరుతో జరిగే ఆ ఓటమి రేపు కొడుకుకు తెలిసినా సంబంధం చెడదు. బాట్ల సంగతి ఆటగాడికి తెలిస్తే ఆ మొదటి గెలుపులన్నీ చేదెక్కుతాయి. తెలిశాక నిలవని ప్రోత్సాహం అబద్ధం కిందికే వస్తుంది, ఎంత తియ్యగా ఉన్నా.

లిచెస్ అనే చదరంగం సైటు తీరు వేరు. 2010లో ఫ్రాన్స్‌కు చెందిన తిబో డ్యుప్లెసీ మొదలుపెట్టిన ఆ సైటు విరాళాల మీద నడుస్తుంది. ప్రకటనలు లేవు, రుసుము లేదు. అక్కడ కొత్తగా చేరినవాడికి 1500 అంకె ఇచ్చి పక్కన ఒక ప్రశ్నార్థకం పెడతారు. నువ్వెంతవాడివో మాకింకా తెలియదని ఒప్పుకోవడం అది. నిజంగా కొత్తవాడైతే మొదటి కొన్ని ఆటల్లో తనకంటే బలవంతులు తగిలి వరుసగా ఓడిపోతాడు, అంకె దబదబా పడిపోతుంది. తర్వాత తన సాటివాళ్లు దొరుకుతారు, ప్రశ్నార్థకం పోతుంది. ఈ స్వాగతం కటువుగా ఉందని చాలామంది మొదటి రోజే వెళ్లిపోతారనడంలో అనుమానం అక్కరలేదు. నిజం చెప్పడం ఒక్కటే చాలదు. ఆ తొలి ఓటముల పూట పక్కన ఒకరు ఉండాలి. లిచెస్‌లో ఏ పావు ఎలా కదులుతుందో నక్షత్రాలు ఏరుకుంటూ నేర్చుకునే పాఠాలున్నాయి, కానీ ఓడిపోయిన మనిషికి పాఠం కంటే ముందు కావలసింది తోడు.

చదరంగం తెలుగువారికి దగ్గరి ఉదాహరణ కూడా ఇస్తుంది. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో డింగ్ లిరెన్‌ను ఓడించి 18 ఏళ్లకే ప్రపంచ విజేత అయిన దొమ్మరాజు గుకేశ్ చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టాడు. అతని గురువు విష్ణు ప్రసన్న చేసిన ఒక పని చదరంగం లోకంలో బాగా చర్చకు వచ్చింది. ఆ వయసు పిల్లలంతా కంప్యూటర్ ఇంజిన్ చూపించే ఎత్తులు బట్టీ పడుతున్న రోజుల్లో, గుకేశ్‌ను చాలాకాలం, గ్రాండ్‌మాస్టర్ స్థాయి దాటేదాకా, ఇంజిన్ ముట్టుకోనివ్వలేదు. ఎత్తు తప్పో ఒప్పో తానే ఆలోచించి తేల్చుకోవాలి. చెట్టు నరికి కాయలు లెక్కపెట్టుకున్న బాహుకుడికీ ఈ పిల్లవాడికీ మధ్య చుట్టరికం ఉంది. జవాబు అందుబాటులో ఉన్నా, దాన్ని సొంతంగా చేరుకునే హక్కు శిష్యుడికి వదిలిపెట్టడం గురువు చేయగలిగిన పెద్ద సాయం.

పావగడ పల్లెల్లో పిల్లవాడు ఫోన్‌లో ఆట మొదలుపెట్టినప్పుడు ఇంకో చిక్కు ఉంది. మాట్లాడేది తెలుగు, చదవడం వచ్చింది కన్నడం, తెర మీద సూచనలు ఎక్కువగా ఇంగ్లీషు. ఆట ఇచ్చే పాఠం అతనికి అందేది సగమే. మిగతా సగం పక్కన కూర్చున్న స్నేహితుడు చెబుతాడు: ఇక్కడ నొక్కు, అది కొనొద్దు, ఆ పెట్టె తెరవడానికి డబ్బు అడుగుతుంది జాగ్రత్త. అసలైన గురుత్వం అక్కడ జరుగుతోంది, ఏ కంపెనీ లెక్కల్లోనూ ఎక్కకుండా. దక్షిణాది పాత గుళ్ల మండపాల్లో బండల మీద గీసిన పులిజూదం గీతల చుట్టూ కూడా ఇలాగే జరిగి ఉండాలి. ఇద్దరు ఆడుతుంటే చుట్టూ పదిమంది చూసేవారు, చూసి చూసి నేర్చుకునేవారు, ఎత్తు తప్పితే ఉండబట్టలేక చెప్పేసేవారు. చేతి ఫోన్ ఆ చుట్టూ కూర్చునే చోటును బాగా ఇరుకు చేసింది.

జూదరి సూక్తం చివర ఋషి ఇచ్చే సలహా పాచికలు వదిలి పొలం దున్నుకోమని. వేరుశనగ వేసి వానకోసం ఆకాశం చూసే పావగడ లాంటి కరువు సీమలో ఆ మాట వేల ఏళ్లు చెల్లింది. ఇప్పుడు తిరుమణి, వళ్లూరు, బళసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెర్లు చుట్టూ సుమారు 13,000 ఎకరాల్లో సౌర ఫలకాలు పరుచుకున్నాయి. 2018 మార్చిలో ప్రారంభమై 2,050 మెగావాట్ల సామర్థ్యానికి పెరిగిన సోలార్ పార్కు అది. భూమి రైతుదే, ఎకరానికి ఏటా 21,000 రూపాయల దగ్గర మొదలుపెట్టి కౌలు ఇచ్చారు. పట్టా ఉన్నవారికి కౌలు అందుతుంది. ఆ పొలాల్లో కూలి చేసుకున్నవారికి కౌలూ లేదు, కూలీ లేదు. దున్నడానికి పొలం కనబడని పిల్లవాడికి ఋషి సలహా ఎలా అందుతుంది?

ఆ పిల్లవాడికి ఆట ఇచ్చేదాన్ని తక్కువగా చూడకూడదు. నిన్నటికంటే ఇవాళ మెరుగయ్యావని అతనికి చెప్పేవారు వేరే ఎవరూ లేకపోవచ్చు. బడి చెప్పదు, వాన చెప్పదు, ఉద్యోగాల నోటిఫికేషన్లు చెప్పవు. ఆట చెబుతుంది, అంకె పెంచి చెబుతుంది. మనిషి నేర్చుకుంటున్నానన్న భావన కోసం పడే ఆకలి అది, పవిత్రమైన ఆకలే. దాన్ని తీరుస్తానని పిలిచి, నేర్పకుండా కూర్చోబెట్టేవాళ్లు చేసేది ఆకలితో వచ్చినవాడి ముందు ఖాళీ విస్తరి పరచడం. డబ్బు తీసుకోకపోయినా అది దోషమే, ఎందుకంటే తీసుకున్నది ఆయుష్షు.

కొత్తవాడికి ఏ నైపుణ్యమూ అక్కరలేని ఆట ఒకటి మన ఇళ్లలో ఉండేది, వైకుంఠపాళి. ముక్కోటి ఏకాదశి జాగరణకు పరమపద సోపాన పటం పరిచి గవ్వలు వేసేవారు. పాము నోట్లో పడితే ఏ రాక్షసుడి పేరో, ఏ పాపమో చదివి చెప్పేది ముసలమ్మ. నిచ్చెన ఎక్కితే ఏ పుణ్యమో చెప్పేది. ఇంగ్లండులో 1892 ప్రాంతంలో దీన్ని పాములు-నిచ్చెనల ఆటగా అమ్మకానికి పెట్టినప్పుడు పైమెట్టు మీద వైకుంఠం లేదు, మామూలు గెలుపు ఉంది. మన పటంలో ఆరేళ్ల పిల్లకూ అరవై ఏళ్ల తాతకూ గవ్వ ఒకటే. పిల్ల ఆటలో నిలబడేది గెలుపు కోసం అంతగా కాదు, ప్రతి పడిపోవడంతోనూ ఒక కథ వస్తుంది గనుక. కింద పడ్డవాడు ఆటలోంచి పోడు, కింది గడినుంచి మళ్లీ మొదలుపెడతాడు.

ఆ పటానికి పైన అంచు ఉంది. పరమపదం చేరితే ఆట అయిపోతుంది, పటం చుట్టి పెడతారు. ఆన్‌లైన్ ఆటల్లో చాలావాటికి ఆ పై అంచు తీసేశారు. ఒక సీజను ముగిసేలోపే ఇంకో సీజను, ఒక స్థాయి దాటితే ఇంకో స్థాయి. మోక్షం లేని వైకుంఠపాళిని ఊహించమంటే మన పూర్వులు దాన్ని సంసారం అనేవారు. కొత్తవాడికి నేర్పవలసిన మొదటి పాఠాల్లో ఆట ఎక్కడ అయిపోతుందన్నది ఉండాలి, అయిపోని ఆటైతే ఇవాళ్టికి ఎక్కడ ఆపవచ్చన్నది ఉండాలి. చైనా ప్రభుత్వం 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాల్లో, పండుగ సెలవుల్లో రాత్రి గంట చొప్పున మాత్రమే ఆన్‌లైన్ ఆటలకు అనుమతి ఇచ్చింది. బయటినుంచి గీసిన అంచు అది. అవసరమే కావచ్చు, కానీ లోపలినుంచి లేవడం నేర్పడానికి అది బదులు కాదు.

అక్షహృదయం నేర్చుకున్న ధర్మరాజు ఏం చేశాడో విరాటపర్వం చెబుతుంది. కంకుడనే పేరుతో విరాటరాజు కొలువులో జూదపు నేర్పరిగా ఏడాది గడిపాడు. తనకు ఆట తెలుసు, ఎదురుగా ఉన్న రాజుకు అంతగా తెలియదు, అంటే శకుని కూర్చున్న చోటే ఇప్పుడు ధర్మరాజు కూర్చున్నాడు. కొడుకు ఉత్తరుడు యుద్ధంలో గెలిచాడన్న కబురు విని పొంగిపోయిన విరాటుడు పాచికలు తెమ్మన్నాడు. కంకుడు వద్దన్నాడు. జూదంలో దోషాలెన్నో ఉన్నాయి, యుధిష్ఠిరుడు రాజ్యం పోగొట్టుకున్న సంగతి మీరు విన్నారు కదా అన్నాడు. రాజు వినలేదు. ఆట మధ్యలో, ఆ గెలుపు సారథిగా వెళ్లిన బృహన్నల వల్లేనని కంకుడు అనడంతో, విరాటుడు కోపం పట్టలేక పాచిక విసిరి కంకుడి ముఖం మీద కొట్టాడు. ఆట నేర్పేవాడు ఆపమని చెప్పాల్సిన చోట చెప్పాడు, వినని రాజుతో ఆడి దెబ్బ తిన్నాడు. ఆపమని చెప్పడం అంత తేలిక కాదని, విరాటపర్వాన్ని తెలుగు చేసిన తిక్కన పాఠకులకు తెలుసు.

2025 చట్టం తర్వాత పందెం లేని ఆటలు తయారుచేసేవారికి ఇప్పుడు ఈ చోటు ఎదురైంది. డబ్బు బల్ల పోయింది గనుక వారి మీద నిందలు తగ్గుతాయి. రోజువారీ కానుకలు, బాట్ల మీద గెలుపులు, రెండో పిలుపులు మాత్రం చట్టంలో ఎక్కడా నేరం కావు. వాటిని ఉంచుకోవాలా వదులుకోవాలా అన్నది వారే తేల్చుకోవాలి. కొత్తవాడికి అతని భాషలో నేర్పడం, ఎదుట ఉన్నది మనిషో యంత్రమో దాచకుండా చెప్పడం, తొలి ఓటముల్లో ఒక పాత ఆటగాడిని జత కలపడం, రోజు ఆటకు ఒక అంచు గీసి చూపడం ఇవాళ్టి సాంకేతికతకు కష్టమైన పనులేమీ కావు. అలా చేస్తే మొదటి నెలలో నిలిచే జనం తగ్గవచ్చు. నిలిచినవారు మాత్రం తెలిసి నిలుస్తారు, తిరుమణి పక్క ఊళ్లో ఇంకో పిల్లవాడికి తమ చేత్తో నేర్పగలుగుతారు.